పప్పు ఉడకని నీళ్ళు, పిల్లలు పెట్టే చేపలు

అనంతపురంలో చేపలు అమ్ముతానని చెబితే ఎదుటివాళ్ళు మొట్టమొదట అడిగేది "కిలో ఎంత?" అని. నా దగ్గరున్న చేపలన్నిటినీ కలిపి తూచినా కిలో ఉండేవి కావు. వాటిలో అన్నిటికన్నా పెద్దది నా బొటనవేలంత. "తినేవి కాదన్నా, చూసుకునేవి" అంటే, "చూసేదానికి దుడ్లు ఇస్తారా ఎవరైనా?" అని నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళలో సగంమంది తర్వాత నా దగ్గరే ట్యాంకులు కొన్నారు.

నాలుగు మంచి వానలు పడితే పండగ చేసుకునే ఊళ్ళు మావి. అలాంటి చోట మనుషులు గాజుపెట్టె నిండా నీళ్ళు పోసి, అందులో చేపల్ని వదిలి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారని మొదట నేనూ నమ్మలేదు. కూర్చుంటారు. అన్నం చల్లారిపోతున్నా లేవరు. నీళ్ళంటే అంత ఆశ ఉన్న మనుషులకు నీళ్ళలో కదిలే ఎర్రటి ప్రాణిని చూపిస్తే ఏమవుతుందో ఈ పనిలోకి వచ్చాకే నాకు తెలిసింది.

ఇప్పుడు దుకాణం వదిలేశాను. కొత్తగా అక్వేరియం షాపులు పెడుతున్న పిల్లలు వచ్చి ఏ ఫిల్టరు మంచిది, ఏ లైటు మంచిది అని అడుగుతుంటారు. అవన్నీ డబ్బా మీద రాసి ఉంటాయి. ఈ ఉద్యోగం నిజంగా ఏమిటో నాకు నేర్పింది మాత్రం బత్తలపల్లె దగ్గర ఒక ఇల్లు. దాని సంగతే రాస్తాను. అందులో నా తప్పు కూడా ఉంది, అదీ రాస్తాను.

మస్తాన్ సాబ్

డిగ్రీలో జువాలజీ చదివి, ఉద్యోగం రాక, మస్తాన్ సాబ్ గాజుల దుకాణంలో చేరాను. చేతికి వేసుకునే గాజులు కాదు, కిటికీలకు బిగించే అద్దాలు. తొంభైల చివర్లో వాస్తు పేరు చెప్పి ఇళ్ళలో చేపల తొట్టెలు పెట్టుకునే సరదా మా ఊరికీ వచ్చింది. అద్దం కోయడం ఆయనకు తెలుసు కాబట్టి ట్యాంకులు చేయడం మొదలుపెట్టాడు. చేపల గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, అవి నీళ్ళలో ఉంటాయని. మిగతాది చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు.

మంచి మనిషి. కోపం వస్తే ఉర్దూ, ప్రేమ వస్తే తెలుగు. కానీ దుకాణదారుగా ఆయనకు ఒక జబ్బు ఉండేది. కొనేవాడి కళ్ళు ఏ చేప మీద నిలబడితే ఆ చేపను ఇచ్చెయ్యడం.

బెంగళూరు నుంచి థర్మోకోల్ పెట్టెల్లో, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపలు వచ్చేవి. వాటిలో అందరి కళ్ళూ నిలబడేది నియాన్ టెట్రాల మీద. అగ్గిపుల్లంత చేప. ఒళ్ళంతా నీలం గీత, కింద ఎర్ర గీత. లైటు వేస్తే లోపల కరెంటు పారుతున్నట్టు మెరిసేది. దుకాణంలో మేము వాడేది మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు. కాలువ నుంచి వచ్చిన తేలిక నీళ్ళు కాబట్టి మా దగ్గర అవి హాయిగా తిరిగేవి. కొన్నవాళ్ళ ఇళ్ళలో రెండో రోజుకో మూడో రోజుకో తేలిపోయేవి.

"ఎందుకు సాబ్ ఇలా?" అని అడిగితే, "బేటీ, వాళ్ళకు సాకడం రాదు" అనేవాడు. నేను నమ్మాను. నమ్మితే నాకూ హాయిగా ఉండేది మరి.

నీళ్ళలో పులుపు తక్కువైతే ఈ చేపలు బతకవని ఎవరో చెప్పగా విని, ఒకసారి మస్తాన్ సాబ్ గుత్తిలో ఒక టీచరుగారి ట్యాంకులో నాలుగు నిమ్మకాయలు పిండాడు. నేను గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. పావుగంటలో అన్నీ వెల్లకిలా తేలాయి. టీచరుగారు నీళ్ళవైపు చూసి, "ఉప్పూకారం కూడా ఏసింటే పులుసు అయిపోతుండె కదప్పా" అన్నాడు. ఆ మాటకు మస్తాన్ సాబ్ ముందు నవ్వేశాడు, తర్వాత నేను, చివరికి టీచరుగారు. ముగ్గురం చచ్చిన చేపల ముందు నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నవ్వాం గానీ నేర్చుకోలేదు.

తిమ్మారెడ్డి ట్యాంకు

బత్తలపల్లె దగ్గరి ఒక ఊళ్ళో తిమ్మారెడ్డి అని పెద్ద రైతు. పెద్ద మీసం, పెద్ద గొంతు, ముందుగదిలో నాలుగడుగుల ట్యాంకు. నలభై నియాన్లు కావాలన్నాడు. నీలం రంగు కుటుంబానికి కలిసొస్తుందని ఎవరో చెప్పారట. మస్తాన్ సాబ్ సంతోషంగా ఇచ్చాడు. నేను వెళ్ళి వాళ్ళ బోరు నీళ్ళతో ట్యాంకు నింపి, చేపల్ని వదిలి వచ్చాను.

మూడో రోజుకు నలభైలో ఆరు మిగిలాయి. మళ్ళీ నలభై తీసుకెళ్ళాను. అవీ పోయాయి. మూడోసారి పోయాక నన్ను పిలిపించాడు. నేను వెళ్ళేసరికి అరుగు మీద పదిమంది కూర్చుని ఉన్నారు.

"సుజాతమ్మా, నీ తప్పేం లేదులే, భయపడొద్దు" అన్నాడు తిమ్మారెడ్డి. "ఇది ఎవురి పనో నాకు తెలుసు. నువ్వు ట్యాంకు పెట్టిన పొద్దు మా గంగిరెడ్డి వచ్చినాడు. సూసినాడు. నీళ్ళల్లో ఏలు ముంచినాడు. అందరూ సూసినారు. ఆయప్ప ఏందో కలిపిండాడు."

గంగిరెడ్డి ఆయన చిన్నాయన కొడుకు. పక్కపక్క పొలాలు. గంగిరెడ్డికి చీనీ తోట ఉంది, అంటే బత్తాయి, చెట్లు కాపుకొచ్చిన తోట. అతని బోరు ఎండిపోతే, వారానికి మూడు రోజులు నీళ్ళు వదలడానికి తిమ్మారెడ్డే పెద్దమనసుతో ఒప్పుకుని పైపు వేయించాడు. ఇప్పుడు ఆ పైపు గేటువాల్వు మూసి బిగించేశాడు.

"నా ఇంట్లో చేపల్ని సంపినోడి చెట్లకు నేను నీళ్ళు పెట్టాల్నా?"

అరుగు మీదివాళ్ళు తలలాడించారు. నేను మూడు విడతలుగా అమ్మిన నూట ఇరవై అగ్గిపుల్లల కోసం అక్కడ ఒక తోట ఎండిపోతోంది. విషం పెట్టారని నాకు నమ్మకం కలగలేదు. మరి ఏమిటో చెప్పలేకపోయాను. తలవంచుకుని తిరిగొచ్చాను.

మస్తాన్ సాబ్‌కు చెబితే, "పరేషాన్ కావద్దు బేటీ. చేప సచ్చిపోతే ఇంటి దిష్టి అదే ఎత్తుకపోయిందని చెప్పు. ఆయప్ప కుశాలవుతాడు. మనం నడుమ ఎందుకు దూరేది?" అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇక్కడొక మాట. చేపలు చచ్చినప్పుడు దుకాణదారుకు చాలా సాకులు దొరుకుతాయి. దిష్టి, కరెంటు కోత, మేత ఎక్కువ వేయడం, పిల్లలు అద్దం తట్టడం. అన్నీ ఒక్కోసారి నిజమే కూడా. అందుకే అవి ప్రమాదం. నేను ఆ వారమంతా దిష్టి మాట నోట్లో పెట్టుకుని తిరిగాను.

లక్ష్మమ్మ వంటింట్లో

వారం తర్వాత ట్యాంకు కడగడానికి వెళ్ళాను. తిమ్మారెడ్డి ఇంట్లో లేడు. ఆయన భార్య లక్ష్మమ్మ వంటింట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆమె గరిటెతో నాలుగు బద్దలు తీసి నొక్కి చూసి, విసుక్కుని గిన్నె దించేసింది.

"ఏమైందక్కా?"

"ఏముండాది, మా పనామె మంచినీళ్ళ బిందె అనుకోని బోరు నీళ్ళు పోసింది. ఈ నీళ్ళల్లో కందిబ్యాళ్ళు సాయంత్రందాకా పెట్టినా ఉడకవు. సోడాప్పు ఏసినా అంతే. మిరపకాయలు కరిగిపోతాయి గానీ బ్యాళ్ళు మాత్రం రాళ్ళే."

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

"స్నానానికీ ఇవే నీళ్ళా అక్కా?"

"ఆ. సబ్బు అరిగిపోతాది, నురగ రాదు. యాడికో కొట్టుకపోతాది."

లేచి ఖాళీ సీసా అడిగాను. బోరు నీళ్ళు సగం పట్టి, సబ్బుముక్క వేసి గట్టిగా గిలకొట్టాను. నురుగు లేదు. పాలు విరిగినట్టు తెల్లటి పెళ్ళలు తేలాయి. ఇంకో సీసాలో తాగే నీళ్ళు పోసి గిలకొట్టాను. మూతదాకా నురుగు. నీళ్ళు కాచే అండా లోపల చూస్తే వేలిమందం తెల్లటి గార కట్టి ఉంది.

డిగ్రీలో చదివిన నీళ్ళ కాఠిన్యం పాఠం మొత్తం ఆ వంటింట్లో నిలబడి గుర్తొచ్చింది. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి, మరిచిపోయాను. నియాన్లు పుట్టింది సున్నం లేని మెత్తటి నీళ్ళలో. వాటిని మా కుళాయి నీళ్ళ నుంచి తీసి ఒక్కసారిగా ఈ సున్నపు నీళ్ళలో వేస్తే ఒళ్ళు తట్టుకోలేదు. మూడుసార్లు నేనే, నా చేత్తో, వేశాను.

లక్ష్మమ్మకు చెప్పాను. ఆమె నన్నూ సీసాలనూ మార్చి మార్చి చూసింది.

"అంటే బ్యాళ్ళే ఉడకని నీళ్ళల్లో పట్నం చేపలెట్ల బతుకుతాయి అనేది నన్నడిగింటే నేను చెప్తుంటినే!" అని పకపకా నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "ఆయప్పకు నువ్వే చెప్పల్ల. నేను చెప్తే ఇనడు. గంగిరెడ్డి చెట్లు ఆకులు ముడుచుకుంటాండాయి."

తిమ్మారెడ్డి వచ్చేదాకా కూర్చున్నాను. ఆయన చెప్పులు విడుస్తుండగానే చెప్పేశాను, కూర్చున్నాక చెబితే ధైర్యం పోతుందని.

"అన్నా, మీ చేపల్ని ఎవరూ చంపలేదు. నేనే చంపినా."

రెండు సీసాలూ ముందు పెట్టాను. గిలకొట్టి చూపించాను. ఆయన ఒక సీసా తీసుకుని తానే గిలకొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. పంచె మీదంతా సబ్బునీళ్ళు చిందాయి.

"అయితే గంగిరెడ్డి?"

"వేలు ముంచినాడు, అంతే అన్నా. చల్లగా ఉన్నాయో లేదో చూసింటాడు."

ఆ గొంతు అంత చిన్నగా వినపడగలదని నాకు తెలియదు.

"అంటే ఇన్ని దినాలూ నేను ఆయప్ప చెట్లను ఊరికే ఎండబెట్టినానా?"

ఆయన మళ్ళీ చెప్పులేసుకుని పొలంవైపు వెళ్ళాడు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి లక్ష్మమ్మా నేనూ చూశాం. ఒక్కడే వంగి ఆ గేటు చక్రం తిప్పుతున్నాడు. గంగిరెడ్డికి కబురు పంపలేదు, క్షమించమని అడగలేదు. నీళ్ళు మాత్రం వెళ్ళాయి.

నన్ను తిడతాడనుకున్నాను. తిరిగొచ్చి, "ఈ నీళ్ళకు బతికే చేపలు ఉండాయా, లేవా? అది చెప్పు ముందు" అన్నాడు.

ఏ చేపలు, ఎన్ని

మొదట ఆయన అన్నది మంచినీళ్ళ ట్యాంకరు తెప్పిస్తానని. వద్దన్నాను. ఊళ్ళో ఆడవాళ్ళు బిందె మంచినీళ్ళకు వరసలో నిలబడుతుంటే చేపలకు ట్యాంకరా? పైగా ఒక వారం ఆ నీళ్ళు, ఇంకో వారం ఈ నీళ్ళు పోస్తే ఏ చేపా నిలవదు. కొనేవాడి ఇంట్లో ఏడాది పొడుగునా దొరికే నీళ్ళు ఏవో కనుక్కుని, ఆ నీళ్ళు ఇష్టపడే చేపను ఇవ్వడమే మన పని. నేను ఇరవై ఏళ్ళలో నేర్చుకున్నదంతా ఇంతే. ఒక వాక్యం నేర్చుకోవడానికి నూట ఇరవై ప్రాణాలు పోయాయి.

సున్నపు నీళ్ళంటే ప్రాణం పెట్టే చేపలు ఉన్నాయి. మోలీలు, ప్లాటీలు, గప్పీలు, తోక కింద కత్తి ఉండే స్వోర్డ్‌టెయిళ్ళు. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. మా దుకాణంలో మూలన పడి ఉండేవి. చవక కాబట్టి మస్తాన్ సాబ్‌కు చిన్నచూపు. కుళాయి నీళ్ళలో అవే కాస్త నీరసంగా ఉండేవి, నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాతి రోజుల్లో ఫిల్టరు నీళ్ళ ప్లాంట్లు వచ్చాక ఒక డాక్టరుగారు చేపలకు కూడా ఆ శుద్ధమైన నీళ్ళే పోయించారు. మోలీలు ఒకచోటే నిలబడి చలిజ్వరం వచ్చినట్టు ఊగాయి. బోరు నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే తేరుకున్నాయి. మనకు మంచినీళ్ళయినవి అన్నిటికీ మంచినీళ్ళు కావు.

తిమ్మారెడ్డికి పది నల్ల మోలీలు, పది ఎర్ర ప్లాటీలు, కొన్ని గప్పీలు చాలన్నాను.

"నలభై తేవచ్చు కదా?"

"ఆగండన్నా, అవే అవుతాయి."

ఒక మగదానికి రెండో మూడో ఆడవి ఉండాలి, లేకపోతే మగది ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వకుండా వెంటపడుతుందని చెప్పాను. తిమ్మారెడ్డి లక్ష్మమ్మ ఉన్న వంటింటి వైపు ఓరగా చూసి, "ఏం రాత రాసిపెట్టినాడు సూడు దేవుడు ఆ చేపకు" అన్నాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది. "ఒక్కదాన్నే సాకలేక సస్తాండావు, ముగ్గురంట!"

ఈసారి నేను తొందరపడలేదు. సంచిని నీళ్ళ మీద తేలనిచ్చి, గంటన్నరసేపు గ్లాసుతో కొంచెం కొంచెంగా ట్యాంకు నీళ్ళు సంచిలోకి పోశాను. పెద్ద చేపలు పిల్లల్ని తినేస్తాయి కాబట్టి దాక్కోవడానికి ఒక మూల గుబురుగా మొక్కలు నాటాను. వదలగానే అవి ట్యాంకు ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక చుట్టు తిరిగి, అద్దం దగ్గరికొచ్చి మమ్మల్ని చూశాయి. ఒక వారం అయింది, రెండు వారాలయింది. ఒక్కటీ చావలేదు.

ఫోను

ఒకరోజు పొద్దున షట్టరు ఎత్తుతుండగా లోపల ఫోను మోగుతోంది. పరుగెత్తి ఎత్తాను.

"ఈనింది! సుజాతమ్మా, ఈనింది!"

తిమ్మారెడ్డి గొంతు. బర్రె ఈనితే ఈయన నాకెందుకు చెబుతున్నాడా అని ఒక్క క్షణం అనుకున్నాను.

"నల్లది ఈనిందమ్మా! ఇరవై దాకా ఉండాయి! ఇంగా వస్తాండాయి! నువ్వు యాడున్నా సరే ఇప్పుడే రా!"

మస్తాన్ సాబ్‌కు చెబితే, "అరె, ముబారక్!" అని తానే వచ్చి బస్సెక్కించాడు. చేతిలో గుడ్డు పొడి పొట్లం పెట్టాడు, పిల్లలకు మేతగా.

తిమ్మారెడ్డి ఇంట్లో ముందుగదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. సగం ఊరు అక్కడే ఉంది. గుమ్మం దగ్గర ఆయనే నిలబడి, "మెల్లగ! కాళ్ళు మెల్లగ! బాలింత ఉండాది లోపల!" అని అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. లక్ష్మమ్మ బెల్లం కొబ్బరి పళ్ళెంలో పెట్టి పంచుతోంది. మొక్కల మధ్య కామాల్లాంటి చిన్న చిన్న నల్లటి చుక్కలు. చూస్తుండగానే తల్లి పొట్ట కింది నుంచి ఇంకొకటి చుట్టుకుని జారింది, విడిపోయింది, ఈదుకుంటూ వెళ్ళిపోయింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా "ఓ" అన్నారు. ఒక ముసలామె చేతులు జోడించింది. నాకు ఒళ్ళంతా గిలిగింతలు పెట్టినట్టయింది. చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూశాను గానీ నిజంగా చూడటం నాకూ అదే మొదటిసారి.

అప్పుడు గుమ్మం దగ్గర గుసగుస ఆగిపోయింది. గంగిరెడ్డి వచ్చాడు. సన్నటి మనిషి, తలగుడ్డ చేతిలో పట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు.

"ఈనింది అంటే వస్తిని" అన్నాడు.

తిమ్మారెడ్డి ఏమంటాడోనని అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన ట్యాంకు ముందున్న తన కుర్చీని కాలితో అటు జరిపాడు.

"ఆడ నిలబడితే ఏం కనపడుతాది? ఈడికొచ్చి కూర్చో."

గంగిరెడ్డి వచ్చి కూర్చున్నాడు. కాసేపు చూశాడు. "ఎన్ని?"

"ముప్పై ఆరు."

"ముప్పై ఏడు. ఆ రాయెనక ఇంగొకటి ఉండాది."

"యాడ? ఓ… అవునప్పా!"

అన్నదమ్ములిద్దరూ తలలు అద్దానికి ఆనించి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కామాలు కదులుతుంటే లెక్క ఎక్కడ తేలుతుంది! ఒకడు ముప్పై నాలుగంటే ఇంకొకడు నలభై ఒకటి అంటాడు. "నీకు కండ్లు కనపడవు", "నీకు లెక్కలు రావు" అని అరుచుకున్నారు. ఆ ఇంట్లో అన్ని నెలలుగా విన్న అరుపులన్నిటిలోకీ అదే చెవులకు హాయిగా ఉంది. లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నా చేతిలో ఇంకో బెల్లంముక్క పెట్టింది. చెట్లు కొన్ని పోయాయి, తోట మాత్రం నిలిచిందని ఆమే చెవిలో చెప్పింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఆపుకుందామంటే ఆగడం లేదు. కండక్టరు టికెట్టు కోసం వచ్చి ఆగిపోయాడు.

"ఏమ్మా, అంత సంతోషంగా ఉండావు?"

"కాన్పయింది అన్నా."

"మీవాళ్ళదా?"

అవునో కాదో చెప్పలేక తలూపాను.

"తల్లీబిడ్డా బాగుండారా?"

"తల్లి బాగుంది. పిల్లలు ముప్పై ఏడుమంది, వాళ్ళూ బాగున్నారు" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. టికెట్టు చించి జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, డ్రైవరు పక్కకు పోయి నిలబడ్డాడు. అనంతపురం వచ్చేదాకా మళ్ళీ నా దగ్గరికి రాలేదు.